మీటింగుల్లో ట్రాన్స్ మగాళ్ల మాట వచ్చేసరికి మనవాళ్లే ఎందుకిలా అయిపోతారు?

లంక_కుర్రాడు

నేను ట్రాన్స్ మగాణ్ణి, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసుకున్నా మగాడిగా బతుకుతున్నవాణ్ణి. పేర్లు చెప్పను, గ్రూపు పేరూ చెప్పను, అడక్కండి.

మొన్న రాజమండ్రిలో మన క్వీర్ గ్రూపు (ట్రాన్స్, గే, లెస్బియన్ వాళ్లందరిదీ) మీటింగ్‌కి రావులపాలెం నుంచి పల్లెవెలుగు ఎక్కాను. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు పథకంలో ఆడవాళ్లతోపాటు ట్రాన్స్‌జెండర్లకి కూడా జీరో టికెట్ ఉంది కదా, ట్రాన్స్‌జెండర్ కార్డు చూపించాను. కండక్టర్ కార్డు చూశాడు, నా గడ్డం చూశాడు, మళ్లీ కార్డు చూశాడు, ఏమీ అనకుండా టికెట్ కొట్టిచ్చి వెళ్లిపోయాడు. మంచోడు. ఇది మీటింగ్‌లో సరదాగా చెప్తే, స్త్రీవాదం మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ఒకాయన "మీసం పెంచుకుని ఆడాళ్ల టికెట్టేంటి బ్రదర్" అన్నాడు. అందరూ నవ్వారు, మనవాళ్లు కూడా. సరే అది వదిలెయ్యండి. తర్వాత ఇంట్లోవాళ్ల సంగతి మాట్లాడబోతే ఇంకొకరు "నీకేంలే, మగాడివైపోయావు, ఇప్పుడు మైకు ఆడవాళ్లకీ ట్రాన్స్ మహిళలకీ ఇవ్వాలి కదా" అని మైకు తీసేసుకున్నారు. అంత మర్యాదగా తీసుకున్నారంటే నేను థ్యాంక్స్ కూడా చెప్పాను!

నేను మాట్లాడాలనుకున్నది ఇదండి. మా ఇంట్లో నాకు ఓణీల ఫంక్షన్, తమ్ముడికి పంచెల ఫంక్షన్ ఒకే పందిట్లో చేశారు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ, కింద వరసగా మావయ్యల ఫొటోలు, పైన మా ఇద్దరివీ. ఎర్ర వెల్వెట్ కుర్చీలు పక్కపక్కనే వేశారు. వాడికి పట్టుపంచె కడుతుంటే నేను చూస్తున్నది ఆ కుచ్చిళ్లనే, ఫొటోగ్రాఫర్ ఏమో "అమ్మా ఇటు చూడు, కొంచెం నవ్వు" అని అరుస్తున్నాడు. ఆ ఆల్బమ్ ఇప్పటికీ టీవీ కింద సొరుగులో ఉంది, ఎవరొచ్చినా తీస్తారు. ఇవి చెప్పుకోవడానికి ఆడవాళ్ల గ్రూపుల్లోకి వెళ్తే గడ్డం వచ్చేదాకా రానిచ్చారు, వచ్చాక "ఇది మాకు సేఫ్ స్పేస్" అన్నారు. మగాళ్లకెలాగూ చెప్పుకోలేను. క్వీర్ గ్రూపుల్లో చెప్పబోతే మైకు పోతోంది. నాకు మగాడి ప్రివిలేజ్ అస్సలు లేదని అనట్లేదు. ఉంటే ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అని మాట్లాడుకోనివ్వరేంటి అంటున్నా.

రొయ్యల_గట్టు

ఆయ్, నాదీ ఇదే కథ. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంట్లో తలలు తీసే సెక్షన్‌లో చేసేవాణ్ణి, అక్కడందరూ ఆడవాళ్లే. టోపీ, మాస్కు, గ్లౌజు, బూట్లు వేసుకుంటే ఎవరు ఎవరో తెలీదు కాబట్టి నాకు ఆ షెడ్డే హాయిగా ఉండేది. హార్మోన్ ఇంజెక్షన్లు మొదలెట్టాక గొంతు మారింది, ఆ ఒక్కటే మాస్కు కింద దాగలేదు. పని పోయింది. మగాళ్ల సెక్షన్‌లో లోడింగ్‌కి అడిగితే ఆధార్‌లో స్త్రీ అని ఉంది. ఇది చెప్తే మీటింగ్‌లో ఒకమ్మాయి "కానీ నీ జీతం ఇక పెరుగుతుందిగా" అంది. ఏ జీతం తల్లీ?

కాకినాడ_రాణి

తమ్ముళ్లూ, కోపం తెచ్చుకోకుండా వినండి, నాకు టైపింగ్ పెద్దగా రాదు, మా చేలా (శిష్యురాలు) రాస్తోంది నేను చెప్తుంటే.

మీ బాధ అబద్ధమని అనను. కానీ మైకు సంగతి ఎత్తారు కాబట్టి ఆ మైకు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను. హెచ్ఐవీ రోజుల్లో గోదావరి జిల్లాలు ఎంత చెడ్డ పేరు మోశాయో మీకు తెలీదు, మీరు పిల్లలు. మా వాళ్లని మేమే మోసుకెళ్లి మట్టి చేశాం, కుటుంబాలు రాలేదు. ఆ చావుల మీద వచ్చాయి ఈ సంఘాలు, ఈ ఆఫీసులు, ఈ మీటింగులు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లని గుర్తిస్తూ నల్సా తీర్పు ఇచ్చిన రోజు టీవీలో కనపడిన ముఖాలు ఎవరివి? చప్పట్లు కొట్టి తిట్లు తిన్నవాళ్లవే. ఇప్పటికీ రైలెక్కితే చెంపదెబ్బ మాకే, షాపు ముందు నీళ్లు చల్లేది మా మీదే, అద్దెకి ఇల్లు లేదనేది మాకే. నువ్వు రాత్రి పదింటికి బస్టాండులో నిలబడితే నిన్నెవడూ రేటు అడగడు నాన్నా. ఆ తేడా మర్చిపోయి ఎవరైనా "మేం కూడా అంతే" అంటే నాకు మండుతుంది. అంతే.

లంక_కుర్రాడు

అడగడు అక్కా, నూటికి నూరుపాళ్లు నిజం. నేను అంతే అని ఎక్కడా అనలేదు, అనను కూడా. కాకపోతే ఆ బస్టాండు దాకా రావడానికే నాకు ఏళ్లు పట్టింది. మిమ్మల్ని ఇంట్లోంచి గెంటేశారు, మమ్మల్ని ఇంట్లో పెట్టి తాళం వేశారు. వీధిలో జరిగేది నలుగురికీ కనిపిస్తుంది, తలుపు వెనక జరిగేదానికి సాక్షి ఉండడు. నేను చెప్పబోయి ఆగిపోయింది ఇదే.

మెట్రో_పిల్లర్

మాది తణుకే, ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ. ఈ గొడవ ఇక్కడ పుట్టింది కాదని తెలిస్తే కొంచెం తేలికపడతారేమో.

అమెరికాలో జూలియా సెరానో అనే ట్రాన్స్ రచయిత్రి 2007లో రాసిన పుస్తకంతో ట్రాన్స్ మహిళల మీద జరిగే ప్రత్యేకమైన వివక్షకి ఒక పేరు, ఒక చర్చ వచ్చాయి. మగతనం గొప్పది, ఆడతనం నకిలీ అన్న లోకంలో, మగాడిగా పుట్టి ఆడతనం కోరుకున్న మనిషిని ఎక్కువ వెక్కిరిస్తారని ఆమె వాదన. నాకైతే ఆ వాదనలో తప్పు కనపడదు. తర్వాత ట్రాన్స్ మగాళ్లు కొందరు నెట్‌లో మాకు జరిగేదానికీ ఒక పేరు కావాలి అన్నారు. ట్రాన్స్ మహిళల వైపువాళ్లు, మగాళ్ల మీద లింగవివక్ష ఏంటి, మా మాట కాపీ కొట్టి రెండూ సమానమని చూపిస్తున్నారు అన్నారు. అక్కణ్ణుంచి ఏళ్ల తరబడి స్క్రీన్‌షాట్ల యుద్ధం. రెండువైపులా అవతలి పక్షంలో అందరికన్నా మూర్ఖుడు రాసింది పట్టుకొచ్చి చూశారా అంటారు.

ఇంకోటి. 2020 జూన్‌లో హ్యారీ పాటర్ రచయిత్రి రౌలింగ్ రాసిన వ్యాసం చదివితే ట్రాన్స్ మగాళ్లు ఆమె కంటికి ఎలా కనపడతారో తెలుస్తుంది: ఆడతనం భారమై తప్పించుకుంటున్న అమ్మాయిలు. మన అభ్యుదయ గ్రూపుల్లో అది ఎవరూ అనరు, కానీ ఇక్కడ వీళ్లు పార్టీ మారినవాళ్లు. అటువాళ్లకి మోసపోయిన కూతుళ్లు, ఇటువాళ్లకి ఫిరాయించిన చెల్లెళ్లు. ఈ మనిషి చిన్నప్పట్నుంచీ ఇంతేనేమో అన్న ఆలోచన ఇద్దరికీ రాదు.

తాటిముంజె

ఇదంతా అమెరికా వాళ్ల గొడవ, మన ఊళ్లలో ఇలాంటివి ఎక్కడున్నాయండీ. ఏదో నెట్‌లో చదివి...

రొయ్యల_గట్టు

నేను అమెరికా చూళ్లేదు, పాలకొల్లు దాటి అత్తిలి వెళ్లడానికే డబ్బుల్లేవు. నా గొంతు కూడా నెట్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నానంటారా?

నిర్వాహకులు

తాటిముంజె గారూ, పైన ఇద్దరు తమ జీవితం రాశారు. చదివి మాట్లాడండి. మధ్యలో ఒక కొత్త ఐడీ నుంచి వచ్చిన బూతు పోస్టు తీసేశాం.

తణుకు_వకీలు

లంక_కుర్రాడు అన్న తాళం సంగతి చట్టంలో కూడా ఉందండి, అదీ అసలు విచిత్రం.

ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం తెచ్చిన 2019 చట్టం సెక్షన్ 12 చూడండి. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పిల్లల్ని కోర్టు ఉత్తర్వు లేకుండా తల్లిదండ్రుల నుంచి వేరుచేయకూడదు అంటుంది. ఇల్లు గెంటేస్తుంది అన్న భయంతో రాసింది, మంచి ఉద్దేశమే. ఇల్లే కొడుతుంటే? కుటుంబం చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపమంటుంది. స్నేహితుడింటికో తోటి ట్రాన్స్ మనిషి దగ్గరికో వెళ్లే దారి ఆ సెక్షన్‌లో రాయలేదు.

ఇక మేజరయ్యాక. నా దగ్గరికొచ్చే కేసులు దాదాపు ఒకే అచ్చు. ట్రాన్స్ అబ్బాయి ఇల్లు వదిలి స్నేహితురాలితో వేరే ఊరు వెళ్తాడు. ఇంట్లోవాళ్లు "మా అమ్మాయి కనపడటం లేదు" అని మిస్సింగ్ కేసు పెడతారు, అవతలివాళ్లు కిడ్నాప్ అంటారు. పోలీసులకి అది ఆడపిల్ల కేసు కాబట్టి వెంటనే కదులుతారు. తీసుకొచ్చి స్టేషన్లో కూర్చోబెట్టి పెద్దమనుషుల చేత బుద్ధి చెప్పిస్తారు, దాన్నే కౌన్సెలింగ్ అంటారు. ట్రాన్స్ అమ్మాయి ఇల్లు వదిలితే చాలా ఇళ్లలో పోయింది పీడ అనుకుంటారు, కేసే ఉండదు. రెండూ క్రూరమే, దారులు వేరు. 2024 మార్చిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు హైకోర్టులకి చెప్పింది: ఇలాంటి హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు ప్రవేశపెట్టమనే) పిటిషన్లలో ఆ మనిషితో విడిగా మాట్లాడండి, కౌన్సెలింగ్ పేరుతో వాళ్ల ఇష్టాన్ని మార్చే పని చేయకండి, కుటుంబమంటే పుట్టిన కుటుంబం ఒక్కటే కాదు. ఈ తీర్పు ప్రింటు తీసి బ్యాగులో పెట్టుకోండి. నిజంగానే చెప్తున్నా, స్టేషన్లో పనికొస్తుంది.

ఇంకో చిక్కు. మగాడి ప్రివిలేజ్ అని అంటున్నవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళ. సెక్షన్ 7 కింద సర్టిఫికెట్ తెచ్చుకుని కాగితాల్లో మగాడు అయిన రోజున, పుట్టింట్లో వాణ్ణి కొడుతుంటే ఆ చట్టం పట్టుకుని కోర్టుకెళ్లడం చాలా కష్టం. మామూలు కొట్లాట కేసు కాక మిగిలేది 2019 చట్టంలో సెక్షన్ 18, శిక్ష ఆరు నెలల నుంచి రెండేళ్లు. అదే సెక్షన్‌లో లైంగిక హింసకి కూడా అంతే శిక్ష, అది చాలదని ట్రాన్స్ మహిళలు మొదట్నుంచీ పోరాడుతున్నారు, న్యాయంగానే. మన హైకోర్టు 2025 జూన్‌లో ట్రాన్స్ మహిళ కూడా 498ఏ ఫిర్యాదు చేయొచ్చని చెప్పింది, మంచి తీర్పు. ఆడపిల్ల అని బలవంతంగా పెళ్లి చేసేస్తే ట్రాన్స్ మగాడు ఏ పేరుతో, ఏ చట్టం కింద వెళ్లాలి? నాకొచ్చిన క్లయింట్‌కి చివరికి "స్త్రీ" అనే ఫైల్ చేశాం. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు వాడు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు చూడండి, నేను టీ తాగొచ్చాను, ఇంకా అలాగే ఉన్నాడు.

లేసు_అల్లిక

నరసాపురం. ఆడదాన్ని, ఆడవాళ్లని ప్రేమించేదాన్ని, మహిళా సంఘంలో చాలాకాలంగా ఉన్నదాన్ని. రెండువైపులా తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా.

మా సంఘంలో ట్రాన్స్ అబ్బాయిల్ని గొంతు మారేదాకా ముద్దుచేస్తాం. ప్యాంటు షర్టు వేసుకుని బుల్లెట్ తోలితే "మా శివంగి" అని పొగుడుతాం. ఒరేయ్ నేను అబ్బాయినర్రా అన్న రోజున మొహాలు మాడిపోతాయి. ఎందుకంటే వాళ్లు మాకు నచ్చింది మగవాళ్లకి లొంగని ఆడదానిగా, ఆ బొమ్మ మాది, వాళ్లది కాదు. అది మా తప్పే అని మా సంఘంలోనే చెప్పాను, ఇంకా చెప్తాను.

కానీ ఈ థ్రెడ్‌లో ఎవరూ చెప్పనిది ఒకటుంది. కొందరు అబ్బాయిలు మగాళ్లలో కలవడం కోసం మగాళ్ల చెత్తంతా నెత్తికెత్తుకుంటారు. సంక్రాంతికి వచ్చిన కొత్తల్లుడిలా కాలు మీద కాలేసుకుని కూర్చుంటారు, ప్లేట్లు మేం తియ్యాలి. భార్యని "ఇది" అంటారు. ఒకడు ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వలేదని అమ్మాయిని కొట్టాడు, మేం అడిగితే "నేను ట్రాన్స్ మనిషిని, నా మీద వివక్ష" అన్నాడు. మరి దీన్నేమంటారు? బాధితుడైతే బాధపెట్టలేడా? ట్రాన్స్ మగాళ్ల మాట వినాలి అంటే ఇదీ వినాలి, ఇది వాళ్ల నోటితోనే రావాలి, మేం అంటే ద్వేషం అంటారు.

రొయ్యల_గట్టు

లేసు అక్కా, ఒప్పుకుంటున్నా. మాలో అలాంటోళ్లు ఉన్నారు. పొద్దస్తమానం "మగాడివేనా" అని అడిగించుకున్నోడికి, మగాడంటే చెయ్యెత్తేవాడు అని నేర్పిన ఊళ్లో, ఇంకో మగతనం ఎక్కడ దొరుకుతుంది? ఇది సాకు కాదు. కొట్టినోడు కొట్టినోడే. మా వాట్సాప్ గ్రూపులోంచి ఒకణ్ణి అందుకే తీసేశాం.

ఏటిగట్టు

ఇక్కడ "మగాడు" అని ఒక్కటే మాట వాడేస్తున్నారు. ఏ మగాడు?

మాది కోనసీమలో దళిత పేట. గొంతు మారాక, గడ్డం వచ్చాక నాకు రెండు తేడాలు తెలిశాయి. బస్సులో చేతులు పడటం ఆగిపోయింది. ఆ హాయి మామూలుది కాదు, లేదని అంటే కళ్లు పోతాయి. రెండోది, ఊళ్లో పెద్దిళ్ల వీధిలో బండాపుకుని ఫోన్ మాట్లాడుతుంటే "ఎవడ్రా నువ్వు, ఎవరికోసం ఇక్కడ" అని ఇద్దరొచ్చారు. అదే వీధిలో పరికిణీలో పాలచెంబు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో, అప్పుడెవడూ ఆపలేదు. అప్పుడు నన్ను చూసిన చూపు వేరే రకం కంపు, అది మళ్లీ వేరే కథ.

జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టినప్పుడు 2022 మేలో అమలాపురంలో మంత్రిగారిల్లు తగలబెట్టారు కదా. ఆ రోజుల్లో మా అమ్మ తమ్ముణ్ణి బయటికి వెళ్లొద్దని లోపల పెట్టి గొళ్లెం వేసింది, నన్నూ వాడితోపాటే. అప్పటిదాకా నన్ను "అమ్మాయ్" అనే పిలిచిన మనిషి. కొడుకుల లెక్కలో నన్ను మొదటిసారి వేసింది ఆ రోజే, భయంతో. మగాడి ప్రివిలేజ్ మా పేటకి ఇలా వచ్చిందండి.

రాజమండ్రి మీటింగుల్లో మాట్లాడే ట్రాన్స్ మగాళ్లు కూడా ఎక్కువమంది ఇంగ్లీషు మీడియం, పెద్ద కులాలు. వాళ్లకి ప్రివిలేజ్ ఉందంటే నేను చెయ్యెత్తి ఒప్పుకుంటా. మొత్తానికి కలిపి ఒకే పద్దు కింద రాయకండి.

మెట్రో_పిల్లర్

ఏటిగట్టు గారు రాసింది చదివి నేను పైన రాసిందంతా డిపార్ట్‌మెంట్ సెమినార్‌లా అనిపిస్తోంది. ఉండనివ్వండి, అదీ ఎవరికైనా పనికొస్తుంది.

కాకినాడ_రాణి

లంక తమ్ముడు తాళం అన్న మాట దగ్గర ఆగాను నిన్నంతా.

ఒకటి చెప్తాను. మాకు ఇల్లు పోయినా ఇంకో ఇల్లుంది. గురువుంది, చేలాలున్నారు, జమాత్ (మా హిజ్రాల సంఘం) ఉంది. అందులో తిట్లుంటాయి, దండుగ ఉంటుంది, అన్నీ ఉంటాయి, కానీ జ్వరమొస్తే గంజి కాచేవాళ్లుంటారు, చస్తే మోసేవాళ్లుంటారు. అది ఎన్ని తరాల నుంచో వస్తోంది. ఇల్లు వదిలొచ్చిన ట్రాన్స్ అబ్బాయి ఒకడు మా గుమ్మంలోకి వచ్చాడు ఒకసారి, వర్షంలో. నేను రానిచ్చాను. మా పెద్దలు "మగపిల్లాడు మన ఇంట్లో ఏంటి" అన్నారు. ఆడపిల్ల అని చెప్తే ఊరుకునేవాళ్లు, వాడేమో అలా చెప్పొద్దని నా కాళ్లు పట్టుకున్నాడు. ముందు గదిలో పడుకోబెట్టి నేను వరండాలో పడుకున్నా. కొన్నాళ్లుండి హైదరాబాద్ పోయాడు. వాళ్లకి గురువిల్లు లేదు, అది నిజం. ట్రాన్స్‌జెండర్లు తలదాచుకోవడానికి గరిమా గృహాలని కేంద్రం పెట్టింది కానీ మన గోదావరి పిల్లాడు రాత్రికి రాత్రి అక్కడికి చేరడం కష్టం.

అయినా నా మొదటి మాట నేను వెనక్కి తీసుకోను. మైకు విషయంలో మావాళ్ల కడుపు మంట మీరు కూడా వినాలి.

గోదారి_ఈత

ఇంత సీరియస్‌గా మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నా సారీ. నాకు 19. కాలేజీ హాస్టల్‌లో ఉంటా (ఆడపిల్లల హాస్టల్). బైండర్ (ఛాతీ చదునుగా కనపడేందుకు వేసుకునే బిగుతు బనియన్) కొనడానికి డబ్బుల్లేక క్రేప్ బ్యాండేజ్ గట్టిగా చుట్టుకుంటున్నా. ఈ ఎండలకి చెమటపొక్కులు, ఊపిరి కూడా సరిగ్గా ఆడట్లేదు. ఎవరైనా చెప్తారా?

రొయ్యల_గట్టు

బ్యాండేజ్ ఇప్పుడే తీసెయ్ తమ్ముడూ, ఇప్పుడే. అది ఊపిరి తీసినకొద్దీ బిగుస్తుంది, పక్కటెముకలు దెబ్బతింటాయి. బైండరైనా 8 గంటలకి మించొద్దు, పడుకునేటప్పుడు అస్సలొద్దు. మన తేమకి ఇంకా తక్కువే నయం. ప్రస్తుతానికి బిగుతు స్పోర్ట్స్ బ్రా, మీద ముదురు రంగు కాటన్ చొక్కా, లోపల పౌడరు. ఊపిరి ఇబ్బంది తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లు, భయపడకు. నా పాత బైండరుంది, సైజు మెసేజ్ పెట్టు.

నిర్వాహకులు

మిగతా వివరాలు ఆరోగ్యం విభాగంలో అడుగు నాన్నా, అక్కడ డాక్టరుగారు ఉన్నారు. ఈ పోస్టు ఇక్కడ కూడా ఉంచుతున్నాం.

తాటిముంజె

పైన ఏదో అన్నాను. చదివాను మొత్తం. ఒక డౌటు. ప్రభుత్వం నెలకి 4,000 పింఛనిస్తోంది కదా ట్రాన్స్‌జెండర్లకి, అది ఇద్దరికీ ఒకటే కదా? మరి ట్రాన్స్ మగాళ్లు తీసుకోరేం?

ఏటిగట్టు

మంచి ప్రశ్న. పింఛను ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి తెచ్చిస్తారు. ముసలివాళ్లకి అది వరం. మూడు వీధులవతలికెళ్లి మగాడిగా అద్దెకుంటున్న నాకు? ఫోన్లో ముఖం చూపించి, పక్కింటివాళ్ల ముందు "ట్రాన్స్‌జెండర్ పింఛను" అని సంతకం పెట్టాలి. మర్నాడు ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. పథకం రాసినవాళ్ల కళ్ల ముందున్నది బయటికి కనిపించే ట్రాన్స్ మనిషి. కనపడకుండా బతుకుతున్నవాడు వాళ్ల ఊహలో లేడు. 2011 జనాభా లెక్కల్లో "ఇతరులు" అని ఒకే గడి పెట్టి దేశం మొత్తం మీద 4.87 లక్షల మంది అన్నారు. అందులో ట్రాన్స్ మగాళ్లెంతమందో ఎవరికి తెలుసు? చాలామంది ఇంటి పెద్ద చెప్పినట్టు "స్త్రీ" గడిలోనే ఉండుంటారు.

రొయ్యల_గట్టు

ఆస్పత్రి కూడా అంతే. రాణక్క చెప్పిన హెచ్ఐవీ డబ్బుంది చూశారా, 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆవాహన్ మొదలైనప్పట్నుంచి, తర్వాత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (NACO) ప్రాజెక్టుల దాకా, ట్రాన్స్‌జెండర్ అంటే లెక్కల్లో ట్రాన్స్ మహిళే. రోగం అక్కడుంది కాబట్టి డబ్బు అక్కడికెళ్లింది, తప్పనను. కానీ దాంతో ఏమైందంటే సంఘమంటే ఆ ఆఫీసే అయిపోయింది, ఆ ఆఫీసులో మాకు రిజిస్టరే లేదు. ట్రాన్స్ మగాడు మగాళ్లతో ఉంటాడని కూడా అక్కడ చాలామందికి తట్టదు. అమెరికాలో లూ సలివన్ అనే ట్రాన్స్ మగాడు గే కావడం వల్లే క్లినిక్కులు చాలా ఏళ్లు ఆయనకి ఆపరేషన్ చెయ్యమన్నాయి, చివరికి 1991లో ఎయిడ్స్‌తోనే పోయాడు. మరి మాకు టెస్టులెవరు చేస్తారు? టెస్టోస్టిరాన్ తీసుకుంటే కడుపు రాదనుకునేవాళ్లు మాలోనే ఉన్నారు, అది గర్భనిరోధకం కాదని చెప్పేవాళ్లు లేరు. గడ్డంతో గైనిక్ ఓపీ లైన్లో కూర్చుంటే ముందు వరసలో ఆవిడ "బాబూ మీ ఆవిడేది" అని అడుగుతుంది. నేను "వస్తోందండి" అని చెప్పి టోకెన్ పారేసి వచ్చేశాను.

కేరళ చూడండి, సర్జరీకి ప్రభుత్వ సాయం ట్రాన్స్ మహిళలకి 2.5 లక్షల దాకా, ట్రాన్స్ మగాళ్లకి 5 లక్షల దాకా. మా ఆపరేషన్లు ఎక్కువ, ఖర్చెక్కువ, అందుకని. దాని మీద ఎవరూ కొట్టుకోలేదు.

కాకినాడ_రాణి

మాకూ 5 ఇస్తే ఇంకా కొట్టుకోం 😄

పాలకొల్లు_అమ్మ

నమస్తే అండి. మా అబ్బాయి ట్రాన్స్. నేను ఒకసారి అభ్యుదయవాదుల సభకి వెళ్లాను, తల్లుల్ని మాట్లాడమన్నారు. ట్రాన్స్ అమ్మాయి తల్లిని "ఎలా ఒప్పుకున్నారు, సమాజాన్ని ఎలా ఎదుర్కొన్నారు" అని అడిగారు. నన్నేమో "కూతుర్ని పోగొట్టుకున్నట్టు అనిపించలేదా" అని అడిగారు. స్టేజీ మీద ఏం చెప్పాలో తెలీక కూర్చున్నాను. నేనెవర్నీ పోగొట్టుకోలేదండి, వాడు ఆ రోజు నన్ను బండి మీద దింపి బయట చెట్టుకింద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఎందుకు రాలేదో ఈ థ్రెడ్ చదివాక అర్థమవుతోంది.

లంక_కుర్రాడు

అమ్మా, నమస్తే. మీ వాణ్ణి ఇక్కడికి రమ్మనండి.

సరే, ఇంత రాసుకున్నాం కాబట్టి పనికొచ్చే మాట ఒకటి. మన మీటింగులు సాయంత్రం ఆరింటికి పెడతారు. ఇంకా ఇంట్లో కూతురిగా ఉంటున్నవాళ్లు ఆరు తర్వాత గడప దాటలేరు. నరసాపురం వైపు పెట్టినప్పుడు సఖినేటిపల్లి నుంచి గోదావరి మీద పంటు దాటి రావాల్సినవాళ్లకి తిరిగెళ్లడం ఇంకా కష్టం. ట్రాన్స్ మగాళ్లు రారు, ఆసక్తి లేదు అని ప్రతి రిపోర్టులో రాస్తున్నారు. టైము మార్చి చూడండి. ఆదివారం పొద్దున్న పెట్టండి, "లైబ్రరీకి" అని చెప్పి వస్తారు.

కాకినాడ_రాణి

ఆదివారం పొద్దున్న మాకు సంపాదన రోజు తమ్ముడూ. షాపులు, గృహప్రవేశాలు, పెళ్లిళ్లు. ఆ రోజు మానేస్తే వారం గడవదు. మీకోసం మానమంటారా?

లేసు_అల్లిక

మంగళవారం పెట్టండి, పెళ్లిళ్లుండవు.

లంక_కుర్రాడు

మంగళవారం కాలేజీ, డ్యూటీలు. రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి? కాలేజీలకీ ఆఫీసులకీ సెలవు. నాలుగున్నరకి ముగిస్తే పంటు అందుతుంది.

కాకినాడ_రాణి

రెండో శనివారం అయితే చూస్తా, మాట ఇవ్వలేను. ముహూర్తాలుంటే రాను. ఇంకో మాట, ఈసారి మైకు ఎవరికి ఎంతసేపో ముందే రాసి గోడకి అంటించండి, మధ్యలో లాక్కోవడాలొద్దు. మావాళ్లు కూడా లాక్కోరు, నేను చూసుకుంటా.

తణుకు_వకీలు

నేనొస్తాను. ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్‌కి పోర్టల్‌లో అప్లై చేయాల్సినవాళ్లు ఆధార్, పదో తరగతి మెమో జిరాక్సులు, ఒక ఫొటో తెచ్చుకోండి. సెక్షన్ 6 సర్టిఫికెట్‌కి (ట్రాన్స్‌జెండర్ అని ఇచ్చేది) 2020 రూల్స్‌లో వైద్యపరీక్ష అక్కర్లేదు, అఫిడవిట్ చాలేది; 2026లో చట్టం సవరించారు కాబట్టి ఇప్పుడేం కావాలో నాకు ఫోన్ చేసి కనుక్కోండి. సెక్షన్ 7 (స్త్రీ లేదా పురుషుడు అని మార్చి ఇచ్చేది) వేరు, దానికి ఆస్పత్రి కాగితం కావాలి. ఇంటి అడ్రసుకి ఉత్తరాలొస్తే ఇబ్బంది ఉన్నవాళ్లు ముందే చెప్పండి, ఏం చేయొచ్చో కూర్చుని చూద్దాం.

గోదారి_ఈత

హాస్టల్లో ఔటింగ్ రెండో శనివారమే. వస్తా. బ్యాండేజ్ తీసేశానన్నా.